జలగండం

నేను పుట్టినప్పుడు జాతకం వ్రాసిన పంతులుగారు అందులో ఒక్క వాక్యం తక్కువ వ్రాసి ఉంటే నా జీవితంలో కొన్ని అబద్ధాలు తగ్గి ఉండేవి. "పన్నెండవ ఏడు నిండేవరకు జలగండం కలదు" అన్నది ఆ వాక్యం. నాకు పన్నెండు నిండి మూడు దశాబ్దాలు దాటింది. అమ్మ లెక్కలో మాత్రం ఆ గండం నిన్నమొన్నటి వరకు తీరనే లేదు.

మాది కోనసీమ. వీధి వాకిలి దాటితే పంటకాలువ, ఊరు దాటితే గోదావరి పాయ. నా ఈడు పిల్లలందరూ రెండు ఎండు కొబ్బరికాయలు జతగా కట్టి, వాటి ఆసరాతో ఆ కాలువలోనే ఈత నేర్చుకున్నారు. నేను గట్టున కూర్చుని వాళ్ల బట్టలకు కాపలా కాశాను. కారణం జాతకం ఒక్కటే కాదు. నేను పుట్టకముందే అమ్మ తమ్ముడు, అంటే నాకు చిన్న మావయ్య, పన్నెండేళ్ల వయసులో అదే కాలువలో మునిగిపోయాడు. ఆ సంగతి నాకు చెప్పింది అమ్మమ్మ. అమ్మ ఏనాడూ నోరు విప్పలేదు. ఆవిడ చెప్పినదల్లా ఒకటే మాట: "నీళ్ల దగ్గరకు వెళ్లకు నాన్నా."

2003లో గోదావరి పుష్కరాలు వచ్చాయి. జూలై చివర మొదలై ఆగస్టు పదితో ముగిశాయి. అందరూ నదిలో మూడు మునకలు వేస్తూంటే, అమ్మ నన్ను రేవు పైమెట్టు మీద కూర్చోబెట్టి రాగిచెంబుతో నెత్తిన నీళ్లు పోసింది. తానూ అలాగే పోసుకుంది. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. పక్కనే మునకలు వేస్తున్న పసిపిల్లలు నన్ను వింతగా చూశారు.

పుష్కరాలు ముగియగానే హైదరాబాదు వచ్చి అమీర్‌పేటలో చేరాను. ఆ రోజులలో డిగ్రీ చేతికొచ్చిన ప్రతివాడికీ అమీర్‌పేట ఒక రేవే. మైత్రీవనం చుట్టుపక్కల ఖాళీ లేకుండా గోడలనిండా జావా, ఒరాకిల్ కోర్సుల కాగితాలు, సత్యం థియేటరు వైపు కదలలేక కదిలే సాయంత్రపు జనం, పంజాగుట్ట చౌరస్తా దాకా ఆగి ఆగి సాగే బస్సులు. మా హాస్టలు గదిలో నాలుగు మంచాలు. మనిషికి రోజుకు రెండు బకెట్ల నీళ్లు. ట్యాంకరు రాని రోజున అవీ ఉండవు. కాలువ గట్టున పుట్టినవాణ్ణి, నీటిని కొలుచుకుని వాడుకోవడం అక్కడే నేర్చుకున్నాను.

నా పక్క మంచం మిత్రునిది నల్లగొండ జిల్లా. అతనికి ఈత వచ్చు. నడుముకు బెండ్లు కట్టుకుని ఊరి వ్యవసాయబావిలో నేర్చుకున్నాడట. గోదావరి పక్కన పుట్టిన నాకు ఈత రాదని తెలిసిన రోజున అతను నవ్విన నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "కాల్వ పక్కన పుట్టి ఈత రాదంటవేందిరా? మా ఊళ్ల బాయిల నీళ్లు చూడాల్నంటే తొంగి చూడాలె, అయినా అందరికీ వచ్చు" అన్నాడు. జాతకం సంగతి చెప్పాను. మావయ్య సంగతి చెప్పలేదు.

ఆ అక్టోబరులో నగరానికి పెళ్లి కళ వచ్చింది. ఢిల్లీలో జరగవలసి ఉండి వాయిదా పడిన మొట్టమొదటి ఆఫ్రో ఆసియా క్రీడలు హైదరాబాదుకు తరలివచ్చాయి. అక్టోబరు 24 నుంచి నవంబరు 1 వరకు ఎనిమిది క్రీడాంశాలు, 96 దేశాలు. అదే నెల 1వ తేదీన అలిపిరి వద్ద ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారి మీద మందుపాతర దాడి జరిగి ఉండటంతో ఎటు చూసినా పోలీసులే. గోడలమీద షేరూ అనే పులిపిల్ల బొమ్మలు. పంజాగుట్టలో టీ కొట్టువాడు కూడా ఏ దేశం వాళ్లు ఎక్కడ దిగారో చెప్పేవాడు. ఆతిథ్యం అంటే మనకు అంత సరదా.

ఈత పోటీలు గచ్చిబౌలిలోని కొత్త ఈతకొలనులో. మిత్రునికి తెలిసినవారెవరో స్వచ్ఛంద సేవకులుగా ఉండి రెండు పాసులు ఇచ్చారు. ఆ ఉదయం ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను. "గచ్చిబౌలి స్టేడియానికి వెళుతున్నాను, పరుగు పందాలు చూడటానికి" అన్నాను. ఎవరో ఈదుతుంటే కుర్చీలో కూర్చుని చూడటానికి కూడా అబద్ధం ఆడవలసి వచ్చింది. "అది బాలయోగిగారి పేరు పెట్టిన స్టేడియమేనా?" అని అడిగింది అమ్మ. అవునన్నాను. ఆయన మా ప్రాంతంవారు, మా పార్లమెంటు సభ్యులు, లోక్‌సభకు అధ్యక్షులు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర ఆయన ప్రయాణిస్తున్న హెలికాప్టరు కూలి చేపల చెరువులో పడింది. ఆనాడు రేడియో కట్టేసి అమ్మ అన్న మాట నేను మరచిపోలేదు: "ఆకాశాన పోయేవారినీ నీళ్లే పిలిచాయి చూడు." అందుకే ఫోనులో మరి మాట పెంచలేదు.

పంజాగుట్టలో మెహదీపట్నం బస్సెక్కి, అక్కడ లింగంపల్లి బస్సు మారి గచ్చిబౌలిలో దిగాం. అప్పటికింకా ఆ దారిలో భవనాలకన్నా బండరాళ్లే ఎక్కువ. ఆ రాళ్ల మధ్యన, మెట్లెక్కి పైకి వెళ్లేసరికి ఒక్కసారిగా కంటినిండా నీళ్లు!

నాకు ముందుగా ఆశ్చర్యం కలిగించింది ఆ నీటి విస్తీర్ణం కాదు, దాని అడుగు కనపడటం. మా కాలువనీరు ఎర్రమట్టి రంగులో ఉంటుంది. మోకాటి లోతులో కాలు పెడితే పాదం కనపడదు. నీళ్లంటే కనపడని అడుగు అనే నా మనసులో ముద్రపడిపోయింది. ఇక్కడ మాత్రం కొలను అడుగున గీసిన నల్లటి గీతలు సైతం స్పష్టంగా కనిపిస్తున్నాయి. భయమంతా నీటిలో లేదేమో, కనపడని అడుగులో ఉందేమో అని మొదటిసారి తోచింది.

ఆతిథ్య దేశం కావడం వలన ఆ సాయంత్రం మనవారు తరచుగా కనిపించారు. ఈత పోటీలలో ఒక పద్ధతి ఉంది. ముందు జరిగిన పోటీలలో వేగంగా ఈదినవారికి నడిమి వరుసలు, వెనుకబడినవారికి అంచు వరుసలు ఇస్తారు. అందుచేత, ఎవరు గెలవవచ్చునో నీటిలో దూకకముందే చాలావరకు తెలిసిపోతుంది. ఒక పోటీలో మన అమ్మాయి అంచు వరుసలో నిలబడింది. పదహారో పదిహేడో ఏళ్లుంటాయి. పేరు ప్రకటించగానే జనం "ఇండియా, ఇండియా" అని హోరెత్తించారు. ఆమె చేయి ఊపలేదు, వంగి దోసిలితో కొలనులోని నీళ్లు తీసుకుని మెడమీద చల్లుకుంది. రేవు మెట్ల మీద మా అమ్మ చేసే పని అదే.

నడిమి వరుసలవారు ముగించి తలలు పైకెత్తేసరికి ఆమె ఇంకా వెనుక ఉంది. అప్పుడు జరిగినది నేను ఊహించనిది. కేకలు ఆగిపోతాయనుకున్నాను, పెరిగాయి. గెలిచినవారికి కూడా అంత చప్పుడు కాలేదు. ఆ అమ్మాయి గోడను తాకి, వెనక్కి తిరిగి కాలం చూపించే పలక వైపు చూసి, పిడికిలి బిగించి నవ్వింది. ఆమె పోటీ పక్క వరుసలవారితో కాదనీ, తన నిన్నటి కాలంతోననీ అప్పుడు అర్థమైంది. నా మిత్రుడు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నేనూ లేచాను. చేతులు నొప్పిపుట్టేదాకా కొట్టాను. ఎందుకో ఆ క్షణాన నాకు చిన్న మావయ్య గుర్తుకొచ్చాడు. ఫోటో కూడా లేని మనిషి గుర్తుకురావడం ఎట్లాగో నన్ను అడగవద్దు.

తిరుగు బస్సులో మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత బస్సు టికెట్ వెనుక ఏదో లెక్క వేశాడు. పొడవు యాభై మీటర్లు, వెడల్పు ఇరవై అయిదు, లోతు రెండు అనుకున్నా ఇరవై అయిదు లక్షల లీటర్లు. "మన హాస్టల్ల రెండు బకెట్లు. మా ఊళ్ల ఫ్లోరైడు నీళ్లు తాగి ముసలోళ్ల నడుములు వంగిపోయినై. నేను ఈత నేర్చిన బాయి పోయినేడే ఎండింది. చుట్టాలొస్తున్నరని ఇరవై అయిదు లక్షల లీటర్లు నింపినం" అన్నాడు. కోపంగా అనలేదు. లెక్క సరిపోయిందా అని అడుగుతున్నట్టు అన్నాడు. కాసేపాగి, "అయినా ఆ పిల్ల మంచిగ ఈదింది" అని టికెట్ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ ప్రశ్నకు జవాబు నా దగ్గర ఆనాడు లేదు. ఆ క్రీడలలో చైనా 25 స్వర్ణాలతో మొదటి స్థానంలో, మనదేశం 19 స్వర్ణాలతో రెండవ స్థానంలో నిలిచాయి. మొత్తం పతకాలు లెక్కిస్తే మనవే ఎక్కువ, ఎనభై. అంజు బాబీ జార్జ్ దూకిన దూకుడు, హాకీలో పాకిస్తాన్‌పై గెలుపు అందరూ కొన్నాళ్లు చెప్పుకున్నారు. తర్వాత మరచిపోయారు. ఆఫ్రో ఆసియా క్రీడలు మళ్లీ ఎన్నడూ, ఎక్కడా జరగలేదు. అతిథులు వెళ్లిపోయారు, పందిరి విప్పేశారు. గచ్చిబౌలిలో కొలను మాత్రం మిగిలింది.

ఆ తర్వాతి ఏళ్లలో, ఈత రానివాడికి ఈత గురించి చదవడమే మిగులుతుంది కనుక, కొంత చదివాను. ఆసియా క్రీడల చరిత్రలో ఈత పోటీలలో మన దేశానికి దక్కినది ఒకే ఒక్క స్వర్ణం. అదీ మన ఇంట్లోనే, 1951లో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఆసియా క్రీడలలో. నూరు మీటర్ల ఫ్రీస్టైల్‌లో గెలిచిన సచిన్ నాగ్‌కు అంతకు నాలుగేళ్ల ముందు, 1947 కలకత్తా అల్లర్లలో, కాలిలో తుపాకి గుండు దిగింది. అదే క్రీడలలో వాటర్‌పోలో స్వర్ణం కూడా మనదే. 1982లో మళ్లీ ఢిల్లీ ఆతిథ్యమిచ్చింది, వాటర్‌పోలోలో కాంస్యం వచ్చింది. 2010 కామన్వెల్త్ క్రీడలలో ఢిల్లీ తాల్కటోరా కొలనులోనే, ఒక చేయి లేని ప్రశాంత కర్మాకర్ పారా ఈతలో కాంస్యం సాధించాడు. కామన్వెల్త్ క్రీడల ఈతలో భారతీయుడికి దక్కిన తొలి పతకం అదే.

ఈ వరుస చూస్తే, ఇంట్లో చుట్టాలున్నపుడే మనకు ఈత గుర్తుకొస్తుందని ఎవరైనా ఎత్తిపొడవవచ్చు. నాకు మరొకటి కనిపిస్తుంది. ఇంటికి చుట్టాలొస్తే తప్ప మనం గోడలకు సున్నం కొట్టించం. అయితే చుట్టాలు వెళ్లాక ఆ గోడల మధ్య బతికేది మనమే. మిత్రుడు అడిగిన ఇరవై అయిదు లక్షల లీటర్లకు లెక్క అక్కడ తేలుతుంది. తొమ్మిది రోజుల పండుగకైతే అది దుబారా. తర్వాతి ఇరవై ఏళ్లు ఊరి పిల్లలు అందులో దిగగలిగితే కాదు. దిగలేకపోతే, తాళం వేసి ఉంచితే, మిత్రుడు అన్నదే నిజం. ఇందులో పతకాల ప్రసక్తి లేదు.

ఎందుకంటే ఇది వినోదానికి సంబంధించిన విషయం కానేకాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన లెక్కల ప్రకారం ఒక్క 2021లోనే నీట మునిగి చనిపోయినవారు మూడు లక్షల మంది. అయిదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల మరణ కారణాలలో అది మూడవది. పిల్లలకు ఈత నేర్పడం ఆ సంస్థ చెప్పే నివారణోపాయాలలో ఒకటి. మా మావయ్య ఈ లెక్కలు పుట్టకముందటివాడు.

నేనూ ఒక ప్రయత్నం చేశాను. పెళ్లయిన కొత్తలో ఒక కొలనులో దిగాను. మెడలోతు నీళ్లలో గంటసేపు గోడ పక్కనున్న కడ్డీ వదలలేదు. నేర్పేవాడు ఓపికగలవాడే. "వదలండి సార్, కింద కాలు అందుతుంది" అని ఎన్నిసార్లన్నాడో! అడుగు కనపడుతూనే ఉంది. కాలు ఆనుతూనే ఉంది. అయినా వదలలేకపోయాను. గచ్చిబౌలిలో నాకు తోచినది సగమే నిజమన్నమాట. మళ్లీ వెళ్లలేదు.

మా అమ్మాయి విషయంలో అలా కానివ్వకూడదనుకున్నాను. నాన్నగారు పోయాక అమ్మ మా దగ్గరే ఉంటోంది. అమీర్‌పేటకూ పంజాగుట్టకూ నడుమ, మెట్రో రైలు చప్పుడు వినిపించే సందులో మా ఇల్లు. రెండేళ్ల కిందట వేసవిలో అమ్మాయిని ఇంటికి అరగంట దూరంలోని ఒక కొలనులో చేర్పించాను. అమ్మకు మాత్రం "బొమ్మలు వేయడం నేర్చుకుంటోంది" అని చెప్పాం. తడిజుట్టుకు తలస్నానమనీ, ఎర్రబడ్డ కళ్లకు దుమ్మనీ అబద్ధాలు అల్లాం. అమ్మాయికి పన్నెండేళ్లు నిండుతున్న సంవత్సరం అబద్ధాలు మరీ ఎక్కువయ్యాయి. కారణం వేరే చెప్పనక్కరలేదు.

2025 సెప్టెంబరు 28 ఆదివారం. దసరా సెలవులు. వీధిలో బతుకమ్మ పాటలు. ఆ రోజు అహ్మదాబాదులో 11వ ఆసియా జలక్రీడల ఛాంపియన్‌షిప్ మొదలైంది. ఈ పోటీకి మనదేశం ఆతిథ్యమివ్వడం అదే మొదటిసారి. అమ్మాయి ఫోను పట్టుకుని అమ్మ పక్కనే మంచం మీద కూర్చుని చూస్తోంది. రెండు వందల మీటర్ల ఫ్రీస్టైల్‌లో మన శ్రీహరి నటరాజ్ రెండవ స్థానంలో వచ్చి రజతం గెలిచాడు. అదే రోజు యాభై మీటర్ల వెల్లకిల ఈతలో మరో రజతం. అమ్మాయి మంచం మీద గెంతింది. నానమ్మకు వివరించడం మొదలుపెట్టింది: "గోడని తన్నాక పదిహేను మీటర్లలోపు తల పైకి తేవాలి నానమ్మా, లేకపోతే ఓడిపోయినట్టే. మలుపు దగ్గర ఊపిరి ముందే వదిలేస్తే ముక్కులోకి నీళ్లు పోతాయి, భలే మంట!"

అమ్మ ఫోను వైపు చూడటం మానేసి మనవరాలి వైపు చూసింది.

"ఆ మంట నీకెలా తెలుసే?"

అమ్మాయి నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. నలభై అయిదేళ్ల వయసులో నేను ఎస్టీడీ బూత్‌లో నిలబడ్డట్టే నిలబడ్డాను.

అమ్మ కోప్పడలేదు. రెండు రోజులు మాట్లాడలేదు. మూడవ రోజు సాయంత్రం అమ్మాయి సంచి సర్దుకుంటుంటే వచ్చి నా పక్కన కూర్చుంది. ఇరవై రెండేళ్ల నాటి అబద్ధంతో సహా అన్నీ చెప్పేశాను. గచ్చిబౌలిలో అంచు వరుసలో ఈదిన అమ్మాయి గురించి, ఆమె మెడమీద నీళ్లు చల్లుకోవడం గురించి, చివర వచ్చిన చప్పట్ల గురించి చెప్పాను. అమ్మ విని, చాలాసేపటికి, నా పుట్టుక తర్వాత మొదటిసారి ఆ మాట ఎత్తింది.

"వాడు నీళ్లకు భయపడేవాడు కాదురా. వాడికి ఎవరూ నేర్పలేదు. మా నాన్న తీరికయ్యాక నేర్పుతానన్నాడు."

అంతే. లేచి వెళ్లి బీరువాలోంచి ఒక కొత్త తువ్వాలు తీసి అమ్మాయి సంచిలో పెట్టింది.

అహ్మదాబాదులో మనకు చివరికి నాలుగు రజతాలు, తొమ్మిది కాంస్యాలు వచ్చాయి. ఒక్క స్వర్ణమూ లేదు. సచిన్ నాగ్ తర్వాత ఇన్నేళ్లకు కూడా ఇంతేనా అని పెదవి విరిచినవారు ఉన్నారు. విరవనివ్వండి. నల్లగొండ మిత్రుడు ఇప్పుడు అమెరికాలో ఉన్నాడు. ఆ రాత్రి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అతని బావిని ఏనాడో పూడ్చేశారట. "ఇప్పుడు మా ఊరి పోరగాళ్లకు ఈత నేర్చుకునే జాగనే లేదు" అన్నాడు. ఆనాటి లెక్కకు జవాబు తేలలేదనీ, తేలవలసింది గచ్చిబౌలిలో కాదనీ ఇద్దరికీ తెలుసు.

అమ్మ కొలను దగ్గరకు ఇంతవరకు రాలేదు. అమ్మాయి వెళ్లిన దగ్గర నుంచి గడియారం చూస్తూ కూర్చుంటుంది. తలుపు చప్పుడైతే "వచ్చిందా?" అని లోపలి నుంచే అడుగుతుంది. యాభై ఏళ్ల భయం ఒక తువ్వాలుతో పోతుందని నేనూ అనుకోను.

అయితే మొన్న పంచాంగం తిరగేస్తూ 2027లో గోదావరి పుష్కరాలని చూసి, ఎవరితోనో అన్నట్టుగా అంది: "ఈసారి చెంబు అక్కరలేదు. బుజ్జితల్లి చెయ్యి పట్టుకుని నేనే మునుగుతాను."

నన్ను కూడా రెండవ చెయ్యి పట్టుకోమంటుందేమోనని చూస్తున్నాను.